పాత మచ్చ

డిసెంబరు 2

అక్కా,

నువ్వు బాగానే ఉన్నావని తెలుసు. లేకపోతే ఈపాటికి నాలుగు పేజీలు వచ్చి పడేవి. ఇక్కడ నేనూ, నీ మరదలూ ఉన్నాం. ఫోన్లో పోట్లాడుకుని, ఇకమీదట మన మధ్య ఉత్తరాలేనని ఒట్టు పెట్టుకుని రెండేళ్లయింది. నాకిదే సుఖంగా ఉంది. కాగితం మీద నువ్వు నా మాట మధ్యలో దూరలేవు.

మా పత్రికలో విజ్ఞానం పేజీ ఎప్పటిలాగే ఉంది. రోజుకు మూడు కప్పుల కాఫీ తాగితే ఆయుష్షు పెరుగుతుందని సోమవారం వేశాం. తగ్గుతుందని గురువారం వేశాం. రెండూ నేనే దిద్దాను, రెండింట్లోనూ ఒక్క అచ్చుతప్పు లేదు. ఇదేం వరసండీ అని పేజీ చూసే ఆయన్ని అడిగితే, రెండూ వేరువేరు దేశాలవాళ్లు కనిపెట్టారు కాబట్టి పేచీ లేదన్నాడు. అప్పట్నుంచి నేను సగం కప్పు తాగి సగం పారబోస్తున్నాను.

నిద్రలో ఎన్నిసార్లు ఊపిరి పీల్చామో లెక్కపెట్టే ఉంగరం ఒకటి వచ్చిందట. ఆ లెక్క తెలుసుకుని ఏం చేసుకోవాలని నీ మరదలు అడిగింది. నాకూ తోచలేదు. వార్త చివర ఆశ్చర్యార్థకం పెట్టి పంపేశాను. ఇరవై రెండేళ్లుగా ఆ పేజీకి ఆశ్చర్యార్థకాలు పెడుతున్నాను. నాకు ఆశ్చర్యం కలిగి ఎన్నాళ్లయిందో గుర్తులేదు.

అసలు విషయం. అచ్చుతప్పులు దిద్దే యంత్రం ఒకటి కొన్నారట. దాన్ని వాడటం నేర్పడానికి ప్రూఫ్ రీడర్లు నలుగురినీ జనవరిలో మీ ఊరి ఆఫీసుకు రమ్మన్నారు. మన మెడకు తాడు పేనడం మనకే నేర్పుతారన్నమాట. పైగా నలభై అయిదు దాటినవాళ్లు ఆరోగ్య పరీక్ష కాగితం ఇవ్వాలట, ఛాతీ ఎక్స్‌రేతో సహా. ఇక్కడ తీయించుకుంటే సగం రోజు వరసలో నిలబడాలి. అక్కడ ఎటూ నువ్వున్నావు.

నీ
కామా


డిసెంబరు 14

కామాగాడికి అక్క రాసేది,

మాట మధ్యలో ఆగి దిక్కులు చూసేవాడివని చిన్నప్పుడు ఆ పేరు పెట్టాను. అదే నీకు ఉద్యోగం అవుతుందని కల గన్నానా. రా. ఎక్స్‌రే నేనే తీస్తాను. ఇరవై ఆరేళ్లలో ఈ ఊళ్లో సగం మంది ఎముకలు చూశాను, మొహాలకంటే ముందు పక్కటెముకలతోనే గుర్తుపడతాను.

మీకే కాదు, మా ఆసుపత్రికీ ఒక యంత్రం వచ్చింది. మేం ఫిల్మ్ తీయగానే చదివేసి, జబ్బు ఉందనుకున్న చోట ఎర్ర గడి గీస్తుంది, పక్కన నూటికి ఇంత అని అంకె వేస్తుంది. దానికి చల్లగా ఉండాలని మాకు లేని ఏసీ దానికి పెట్టారు. దుమ్ము పడకూడదని ముసుగు కప్పారు. వచ్చినవాళ్లంతా గుమ్మంలోంచే చూసి, మెల్లగా మాట్లాడి వెళ్తున్నారు. నేను దానికి కొత్త అల్లుడని పేరు పెట్టాను. ఇప్పుడు అందరూ అలాగే పిలుస్తున్నారు, పెద్ద డాక్టరుతో సహా.

అల్లుడుగారి ప్రతాపం విను. మొదటి వారంలోనే ఒకాయన చొక్కా గుండీకి గడి గీశాడు. ఒక పెద్దావిడ జడ భుజం మీదికి జారి ఉంటే ఆ జడకి గీశాడు, నూటికి ఎనభై రెండు అన్నాడు. జడ వెనక్కి వేసి మళ్లీ తీస్తే రోగం నయమైపోయింది. ఇంత త్వరగా వైద్యం చేసినందుకు ఆవిడ నాకు దణ్ణం పెట్టింది.

వచ్చేటప్పుడు గుండీల్లేని బనీను వేసుకో.

అక్క


జనవరి 18

కామా,

నువ్వు బస్సెక్కి వెళ్లాక ఇల్లు బోసిపోయిందని రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఉన్న రెండు రోజులూ మీ ఆఫీసు యంత్రాన్ని తిట్టడం, నా సోఫాలో నిద్రపోవడం తప్ప నువ్వు చేసిందేమీ లేదు. మధ్యలో దగ్గావు. ప్రూఫు కాగితాల దుమ్ము అన్నావు. కాస్త వేడినీళ్లు తాగుతూ ఉండు.

నీ ఫిల్మ్ సంగతి. అల్లుడుగారు ఊరుకుంటాడా. పై భాగంలో ఒక ఎర్ర గడి గీసి, నూటికి డెబ్బై ఒకటి అన్నాడు. చూడగానే నవ్వొచ్చింది. నీకు ఏడో ఏట ఊపిరితిత్తికి జ్వరం దిగి నలభై రోజులు మంచం మీద ఉన్నావు. అది మానాక ఎంతోకొంత మచ్చ మిగిలిపోతుంది. ఆ కథ అల్లుడికేం తెలుసు, నిన్నగాక మొన్న వచ్చినవాడికి.

సాయంత్రం పెద్ద డాక్టరు అరవై ఫిల్ముల ముందు కూర్చుని ఉన్నారు. మా తమ్ముడండీ, అది చిన్నప్పటిది అన్నాను. మీకు తెలిసినంత నాకు తెలుస్తుందా అని, 'పాత మచ్చ' అని రాసి సంతకం పెట్టారు. కాగితం ఇందులో ఉంది. మీ ఆఫీసులో ఇచ్చేయి.

చెప్పడం మర్చిపోయాను. నువ్వు వదిలేసి వెళ్లిన మీ విజ్ఞానం పేజీ చదివాను. ఆ పేజీలో నిజం ఏదైనా ఉంటే అది తేదీ ఒక్కటే.

అక్క


ఫిబ్రవరి 22

అక్కా,

ఆలస్యమైంది. ఇక్కడ యంత్రం దిగింది. నలుగురం ఉండేవాళ్లం, ముగ్గుర్ని పంపేశారు. యంత్రాన్ని కనిపెట్టుకుని ఉండటానికి నన్ను ఉంచారు. పోయినవాళ్లు వెళ్తూ నాతో చెయ్యి కలిపారు. వాళ్ల కుర్చీలు ఇంకా అక్కడే ఉన్నాయి. ఒకదాని మీద గొడుగు పెట్టుకుంటున్నాను.

అయితే మీ అల్లుడికి ఏమాత్రం తీసిపోడు మావాడు. పోయిన వారం ఒక వార్తకు 'ఎలుకలపై ప్రయోగం విజయవంతం' అని శీర్షిక పెట్టాం. ఎలుకలు అంత పెద్ద అక్షరాల్లో ఉండటం దానికి నచ్చలేదు కాబోలు, 'ఎన్నికలపై ప్రయోగం విజయవంతం' అని దిద్దింది. నేను టీకి వెళ్లి వచ్చేలోగా అచ్చయిపోయింది. ఒక్క పాఠకుడు కూడా తప్పని ఉత్తరం రాయలేదు. పొగుడుతూ మాత్రం ఇద్దరు రాశారు.

దగ్గు అలాగే ఉంది. గొంతు కూడా కాస్త బొంగురుపోయింది. డాక్టరు దగ్గరికి పద పద అని నీ మరదలు రోజూ సతాయిస్తోంది. నువ్వు పంపిన కాగితం నకలు తీసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. ఆమె మొదలుపెట్టగానే దాన్ని చూపిస్తాను, అక్క చూసింది, పెద్ద డాక్టరు సంతకం పెట్టాడు అంటాను. ఆమె నోరు మూయించడానికి నీ పేరు భలే పనికొస్తోంది.

కామా


ఏప్రిల్ 3

ఒరేయ్,

ఫిబ్రవరి ఉత్తరం తర్వాత మళ్లీ నీ చెయ్యి కదల్లేదు. మీ పేజీని అన్నందుకు అలిగావని నాకు తెలుసు. నలభై ఎనిమిదేళ్లు వచ్చినా అలక మాత్రం ఏడేళ్లదే. సరే, ఆ పేజీలో తేదీతో పాటు వాతావరణం కూడా నిజమేనని ఒప్పుకుంటున్నాను. చాలా?

ఆ గొంతు బొంగురు అరుపుల వల్లే. యంత్రం మీద అరుస్తూ ఉండి ఉంటావు. దానికి వినపడదు, నీ గొంతే పోతుంది.

ఇక్కడ నేనొక నోటుపుస్తకం పెట్టాను. అల్లుడి గడి తప్పని తేలినప్పుడల్లా తేదీ వేసి రాస్తున్నాను. నలభై మూడు అయ్యాయి. గుండీలు, జడలు, తాయెత్తులు, ఒకాయన జేబులో మర్చిపోయిన పెన్ను. నీది పందొమ్మిదోది. మొన్న మీటింగులో పెద్ద డాక్టరు ఆ పుస్తకం అందరికీ చూపించి, యంత్రాలు ఎన్ని వచ్చినా అనుభవం అనుభవమే అన్నారు. చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి మీ బావకు చెప్పాను. అల్లుడి తప్పులు రాసిపెట్టుకునే అత్తలు ప్రతి ఇంట్లోనూ ఉంటారులే అన్నాడు.

అలక తీరాక రాయి.

అక్క


జూన్ 5

అక్కా,

నాకు అలకేమీ లేదు. చెయ్యి కదల్లేదు, అంతే.

కొన్నాళ్లు సెలవు పెట్టాను. మా యంత్రం ఒక్కటే దిద్దుకుంటోంది. ఇవాళ పత్రికలో రెండు తప్పులు చూశాను, కలం కోసం లేవబుద్ధి కాలేదు. కిటికీ దగ్గర కూర్చుంటున్నాను. ఎదురింటి మేడ మీద ఒకాయన నీళ్ల ట్యాంకు కడుగుతున్నాడు. మూడు రోజులుగా అదే ట్యాంకు కడుగుతున్నాడు.

ఒక చిన్న సంగతి. చిన్నప్పుడు నాకు వచ్చిన ఆ జ్వరం ఏ వైపు ఊపిరితిత్తికో నీకు గుర్తుందా? అమ్మ ఉంటే అడిగేవాణ్ణి. ఊరికే అడుగుతున్నాను.

కామా


జూన్ 12

కామా,

సెలవు పెట్టి చిన్నప్పటి సంగతులు రాసుకుంటున్నావన్నమాట. మంచిదే. నన్ను అబద్ధాలకోరుగా మాత్రం రాయకు.

ఎలా మర్చిపోతాను. ఎడమ వైపు. మంచం గోడవారగా ఉండేది. నువ్వు కుడి పక్కకు తిరిగి, గోడకు మొహం పెట్టి పడుకునేవాడివి, కాపడం పెట్టడానికి ఎడమ వైపు పైకి ఉండాలని. అమ్మ పెనం మీద గుడ్డ వేడి చేసి ఇచ్చేది. నేను చేతులు మార్చుకుంటూ తెచ్చి నీ ఎడమ పక్కటెముకల మీద వేసేదాన్ని. నాకు పదేళ్లు. చురుక్కుమన్నప్పుడల్లా నువ్వు గోడను తన్నేవాడివి. నలభై రోజులు, ఆ ఒక్క వైపే.

పైది పొద్దున టీ వేళలో రాశాను. అక్కడ కలం ఆగింది. ఇప్పుడు సాయంత్రం నాలుగైంది.

లేచి వెళ్లి నీ ఫిల్మ్ తెర మీద పెట్టాను. గడి తెరకు ఎడమ పక్కన ఉంది. తమ్ముడూ, ఫిల్మ్ చూసేటప్పుడు రోగి మనకు ఎదురుగా నిలబడినట్టు చూడాలి. తెరకు ఎడమ పక్కన ఉన్నది మనిషికి కుడి వైపు. ఈ పనిలో చేరిన మొదటి రోజు నేర్పే పాఠం అది. నేనే ఎంతోమందికి నేర్పాను. కుడి అని తెలియడానికి మూలన సీసపు అక్షరం పెడతాం. నీ ఫిల్మ్ మీద అది గడికి జానెడు దూరంలో తెల్లగా కనిపిస్తోంది. పెట్టింది నేనే.

వేరేవాళ్ల ఫిల్మ్ అయితే ఫిల్మ్‌లాగే చూసేదాన్ని. నీది నీలాగా చూశాను. మంచం మీద నువ్వు, ఎడమ వైపు, అంతే. నవ్వుకుంటూ వెళ్లి డాక్టరుకు చెప్పాను.

నీ నిజమైన ఎడమ వైపు కూడా చూశాను. చాలాసేపు చూశాను. అక్కడ ఏ మచ్చా లేదు. శుభ్రంగా మానిపోయింది.

ఒట్టు తీసి గట్టున పెట్టి ఫోన్ చేశాను. నీది ఆపేసి ఉంది. మరదలికి ఆరుసార్లు చేశాను, ఎత్తలేదు. ఎందుకు అడిగావో రాయి. మళ్లీ ఎక్స్‌రే తీయించుకో. ఎక్కడైనా సరే, రేపే. ఈ ఉత్తరం రేపటికి అందదని నాకు తెలుసు. అయినా రేపే అని రాస్తున్నాను.

అక్క


జూన్ 20

అక్కా,

తీయించాను. మేలోనే. రుమాల్లో రక్తం పడింది. అది చూశాక నీ మరదలు ఫ్రిజ్ మీది కాగితం పీకేసి, నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. కుడి వైపు, పైన. క్యాన్సరు. ముక్క తీసి పరీక్ష చేశారు, రెండుసార్లు అదే వచ్చింది. పక్క గ్రంథులకు కూడా పాకింది కాబట్టి కోయడానికి లేదన్నారు. మూడు వారాలకోసారి మందు ఎక్కిస్తున్నారు.

నువ్వు పంపిన కాగితం చూసి, పాత మచ్చ అని రాశారు, చిన్నప్పుడు జబ్బు ఏ వైపు చేసిందని ఇక్కడి డాక్టరు అడిగాడు. అందుకే నిన్నడిగాను. జనవరిలో అయితే కోసేవాళ్లా అని నీ మరదలు ఆయన్ని అడిగింది. కోసేవాళ్లమేమో అన్నాడు. ఆ 'ఏమో' దగ్గర ఆమె ఆగిపోయింది.

నీకు ముందే చెప్పవలసింది. కాగితం తీసుకునేవాణ్ణి, తేదీ వేసేవాణ్ణి, అక్కడే ఆగిపోయేవాణ్ణి.

నీ మీద కోపం ఉందా అని వెతుక్కున్నాను. దొరకలేదు. మందు వల్లో ఏమో, భయం కూడా దొరకడం లేదు. అన్నం పెడితే తింటున్నాను. రుచి తెలియడం లేదని ఆమెకు చెప్పలేదు. ఉప్పు సరిపోయిందా అంటే సరిపోయింది అంటున్నాను.

నిన్న మా పేజీలో ఈ రోగానికే కొత్త బిళ్ల వచ్చిందని వేశారు. చివరిదాకా చదివితే, నయమైంది ఎలుకలకు. ఇన్నేళ్లలో ఆ పేజీలో ఎలుకలకు నయం కాని రోగం లేదు. నీ మరదలు ఆ వార్త కత్తిరించి డాక్టరుకు చూపించడానికి దాచింది. ఎలుకల మాట నేను చెప్పలేదు.

నా ఫోన్ ఆమే ఆపేసింది, తనది మోగినా ఎత్తడం లేదు. ఇప్పుడే రావద్దు. నీ పేరు ఎత్తడం లేదు ఆమె.

కామా


జూలై 9

తమ్ముడూ,

నీ ఉత్తరం స్టాఫ్ గదిలో చదివాను. చదివి, మడిచి, బయట ఉన్న పదకొండు మందికి ఎక్స్‌రేలు తీశాను. ఊపిరి పీల్చండి, బిగపట్టండి, వదలండి. పదకొండుసార్లు అన్నాను. చేతులు వాటంతట అవే పనిచేశాయి. ఏడుపు వస్తుందేమోనని చూశాను, రాలేదు. రావాలని అక్కడే కాసేపు నిలబడ్డాను కూడా.

మర్నాడు నోటుపుస్తకంలో పందొమ్మిది నంబరు కొట్టేసి, జరిగింది రెండు పేజీలు రాసి పైవాళ్లకు ఇచ్చాను. ముగ్గురు కూర్చుని విచారించారు. సంతకం నాది, తప్పు నాది అని పెద్ద డాక్టరు అన్నారు. మాట నాది అని నేనన్నాను. ఇద్దరికీ హెచ్చరిక ఇచ్చారు. ఇకనుంచి నేను సొంతవాళ్ల ఫిల్ములు ముట్టుకోకూడదు, డాక్టరు చూసేటప్పుడు నోరు తెరవకూడదు. అంతే. ఇంకా ఏమైనా అంటారేమోనని కుర్చీలోనే కూర్చున్నాను. మీరిక వెళ్లవచ్చు అన్నారు.

వారం తర్వాత యంత్రం అమ్మిన కంపెనీ మనిషి వచ్చాడు. మర్యాదస్తుడు. ముందు చాలా బాధపడ్డానన్నాడు. తర్వాత, మా యంత్రం జనవరిలోనే పట్టుకుంది కదా, ఆ ఫిల్మ్ పేరు తీసేసి శిక్షణ పుస్తకంలో వేసుకుంటాం అన్నాడు. వేరే ఊళ్లలో నాలాంటివాళ్లకు చూపిస్తారట. కింద వేసే మాటలు కూడా రాసి తెచ్చాడు. ఆ కాగితం ఇందులో పెట్టాను. ఫిల్మ్ నీది, నిన్ను అడగాలి అన్నాను. వద్దంటే చింపేయి, నేను వాళ్లకు చెప్తాను.

మీటింగులో చూపించిన వాటిలో మిగతా నలభై రెండూ నిజంగానే అల్లుడి తప్పులు. రాత్రుళ్లు కూర్చుని ప్రతి ఒక్కటీ మళ్లీ చూశాను. జడ జడే, గుండీ గుండీయే. ఈ మాట ఎందుకు రాస్తున్నానో తెలియదు.

ఇరవై మూడు నుంచి నాకు సెలవు ఇచ్చారు. వస్తాను. క్షమించమని అడగడానికి కాదు. అడిగితే మరదలు ఏదో ఒకటి జవాబు చెప్పాల్సి వస్తుంది. ఆమె ఆసుపత్రికీ ఇంటికీ ఒక్కతే తిరుగుతోంది. ఒక పూట వంట నేను చేస్తాను, నీ బట్టలు ఉతుకుతాను. వద్దంటే కిందే బల్ల మీద కూర్చుని వచ్చేస్తాను. ఆమెను అడిగి చెప్పు.

అక్క


జూలై 18

అక్కా,

కాగితం చూశాను. ఫిల్మ్ వేసుకోమని చెప్పు. పేరు తీసేశాక ఎవరి పక్కటెముకలైతే ఏమిటి. చూసిన ఒక్కరైనా ఆ మూలన ఉన్న అక్షరం వైపు ఇంకోసారి చూస్తే చాలు.

కింది మాటల్లో మాత్రం ఒకటి దిద్దాను. 'టెక్నీషియను నిర్లక్ష్యం వల్ల రోగనిర్ధారణ నాలుగు నెలలు ఆలస్యమైంది' అని రాశారు. ఇరవై రెండేళ్లలో నేను గుడులూ దీర్ఘాలే చూశాను. మంచీ చెడూ, నిజం అబద్ధం ఎవరేం రాసినా అర్థం జోలికి పోలేదు, అది నా పని కాదు. ఇది మాత్రం అర్థమే మార్చాను. నిర్లక్ష్యం కొట్టేసి పొరపాటు అని రాశాను. నిర్లక్ష్యం అంటే పట్టించుకోకపోవడం. నువ్వు పట్టించుకోకుండా ఉండి ఉంటే ఆ ఫిల్మ్ మామూలుగా డాక్టరు చేతికి వెళ్లేది, ఆయన మామూలుగా చూసేవాడు. ఆ మాట మార్చకపోతే ఫిల్మ్ ఇవ్వనని నేను అన్నట్టు చెప్పు.

దిద్దిన కాగితం బల్ల మీద పెట్టి నిద్రపోయాను. లేచేసరికి నీ మరదలు దాన్ని చేతిలో పెట్టుకుని కూర్చుని ఉంది. ఎంతసేపటినుంచో తెలియదు. నేను కొట్టేసిన మాట మీద వేలు పెట్టి, ఇది నువ్వు చేశావా అంది. అవునన్నాను. మళ్లీ మడతపెట్టి కవరులో పెట్టింది.

నువ్వు వస్తానన్న సంగతి అప్పుడు చెప్పాను. పొయ్యి మీద పాలు దించింది. తర్వాత వచ్చి, ఏ బస్సు అని అడిగింది.

పదకొండు గంటల బస్సుకు రా. మాది మూడో అంతస్తు, లిఫ్టు పనిచేయడం లేదు, నిదానంగా ఎక్కు. నేను తలుపు దాకా రాలేను, ఆయాసం వస్తుంది. తలుపు తనే తీస్తానంది. మాట్లాడతానని మాత్రం అనలేదు.

కామా